కొలెస్ట్రాల్ కొలత, గుండెజబ్బు అంచనా

గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని ముందుగా లెక్కగట్టడానికి వైద్యులు చూసే అంకెల్లో కొలెస్ట్రాల్ ఒకటి. అది మైనంలాంటి మెత్తటి పదార్థం. ఒంట్లోని ప్రతి కణం పొరలోనూ ఉంటుంది. పైత్యరసానికి, విటమిన్ డికి, ఆడమగ హార్మోన్లకు అదే ముడిసరుకు. కావలసిన దాంట్లో ఎక్కువ భాగాన్ని ఒళ్ళే తయారుచేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద చేయి. తిండి నుంచి వచ్చేది తక్కువ. అంటే కొలెస్ట్రాల్ ఒంట్లో ఉండడం రోగం కాదు. అది లేకపోతే బతుకే లేదు. ఎంత ఉంది, ఏ రూపంలో తిరుగుతోంది, ఎన్నేళ్ళుగా అలా ఉంది అన్నవే చూడవలసిన సంగతులు.

నూనె నీళ్ళలో కలవనట్టే కొలెస్ట్రాల్ కూడా రక్తంలో కలవదు. అందుకే మాంసకృత్తులు చుట్టిన సూక్ష్మమైన మూటల్లోకెక్కి ప్రయాణం చేస్తుంది. కర్నూలు జిల్లా ఆదోని జిన్నింగు మిల్లుల్లో నొక్కి కట్టిన దూది బేళ్ళు లారీలెక్కి ఊళ్ళు దాటి పోతాయి. దూది ఒకటే, లారీలు వేరువేరు. కొలెస్ట్రాల్ సంగతీ అంతే. కాలేయం నుంచి ఒంటికి సరుకు చేరవేసే మూటలు ఎల్‌డీఎల్. వాడగా మిగిలిన దాన్ని తిరిగి కాలేయానికి చేర్చేవి హెచ్‌డీఎల్. ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును మోసేవి వీఎల్‌డీఎల్. జనం నోట ‘చెడ్డ కొలెస్ట్రాల్’, ‘మంచి కొలెస్ట్రాల్’ అని పడ్డ పేర్లు నిజానికి ఈ లారీలవి. లోపలి సరుకులో మంచీ చెడూ లేవు.

ఎల్‌డీఎల్ ఎక్కువైనప్పుడు దానిలో కొంత ధమనుల లోపలి పొరలోకి దూరి అక్కడే చిక్కుకుంటుంది. దాన్ని మింగేయడానికి తెల్లకణాలు చేరతాయి, మింగి ఉబ్బుతాయి, అక్కడే చస్తాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే గోడలో పూడిక పెరుగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు ఏ నొప్పీ తెలియదు. ఒకనాడు పూడిక మీది పలుచని పొర చిట్లి, అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి మూసేస్తే అదే గుండెపోటు. నిన్నటిదాకా మూట మోసిన మనిషి ఇవాళ కూలిపోవడం వెనుక ఉన్న కథ ఇదే. నొప్పి లేని ఆ ఏళ్ళలో లోపలి సంగతి చెప్పగలిగిన చవకైన సాధనాల్లో రక్తపరీక్ష ఒకటి.

ఈ సంబంధం తెలిసి వందేళ్ళు దాటింది. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనుల్లో పూడికలు పుట్టడం చూపించాడు. కుందేలు గడ్డి తినే జీవి, మనిషికి దానితో పోలికేమిటని చాలామంది కొట్టిపారేశారు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో 5,209 మందిని ఎంచుకుని, వాళ్ళ రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు రాసిపెట్టుకుని, ఎవరికి గుండెజబ్బు వస్తుందో ఏళ్ళ తరబడి గమనించారు. రక్తపోటు, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళకు జబ్బు ఎక్కువగా వస్తోందని 1961లో ప్రకటించారు. వైద్యంలో ‘రిస్క్ ఫ్యాక్టర్’ అన్న మాట స్థిరపడింది అక్కడి నుంచే. కణాలు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను ఎలా లాక్కుంటాయో కనిపెట్టినందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. 1987లో కొలెస్ట్రాల్ తగ్గించే మొదటి స్టాటిన్ మాత్ర బజారుకొచ్చింది. అప్పటి నుంచి కొలతకు విలువ మారింది, ఎందుకంటే అంకె ఎక్కువుంటే తగ్గించే దారి దొరికింది.

రక్తపరీక్ష జరిగే తీరు దగ్గరగా చూడదగినది. మోచేతి మడత దగ్గర తీసిన మూడు నాలుగు మిల్లీలీటర్ల రక్తాన్ని గొట్టంలో కాసేపు కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగున చేరి, పైన గడ్డినీళ్ళ రంగులో సీరం తేలుతుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న మనిషి సీరం పలుచని పాలలా కనిపిస్తుంది. అనుభవమున్న టెక్నీషియన్ మిషను అంకె చెప్పకముందే గొట్టం చూసి సంగతి గ్రహిస్తాడు. మైక్రోపిపెట్‌తో పది మైక్రోలీటర్ల సీరం, అంటే చుక్కలో ఏ అయిదో వంతో, తీసి ఒక మిల్లీలీటరు రీజెంటులో కలుపుతాడు. 37 డిగ్రీల వెచ్చదనంలో కొన్ని నిమిషాలుంచితే నీళ్ళలాంటి ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. రీజెంటులోని ఎంజైములు కొలెస్ట్రాల్‌ను విరిచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, ఆ పెరాక్సైడే రంగు తెప్పిస్తుంది. కొలెస్ట్రాల్ ఎంతుంటే రంగు అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని మిషను వెలుతురుతో కొలిచి డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపుతుంది. యెమ్మిగనూరు మగ్గాల మీద రంగు నూలు తెలిసిన కళ్ళకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. ముంచిన రంగు ఎంత చిక్కనిదో తేల్చడమే ఇక్కడి పని కూడా.

లిపిడ్ ప్రొఫైల్ కాగితం మీద అయిదారు అంకెలుంటాయి గానీ చాలా ల్యాబుల్లో నిజంగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. ఎల్‌డీఎల్ ఎక్కువసార్లు లెక్కగట్టినది. 1972లో విలియం ఫ్రీడ్‌వాల్డ్, ఇద్దరు సహచరులు ఒక సులువైన లెక్క చెప్పారు. ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్ వస్తుంది. దాన్నీ, హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఖరీదైన అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అక్కర లేకుండా చిన్న ఊళ్ళో ల్యాబుకు కూడా ఎల్‌డీఎల్ అంకె అందిందంటే ఈ లెక్క చలవే. దానికొక హద్దుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే లెక్క పనికిరాదు. అవి ఎక్కువగా ఉండి ఎల్‌డీఎల్ తక్కువున్నప్పుడు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 2013లో వచ్చిన మార్టిన్-హాప్కిన్స్ పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిచేసింది. ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే రీజెంటులూ ఉన్నాయి.

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటే సంగతి తేటపడుతుంది. మొదటిదాంట్లో మొత్తం కొలెస్ట్రాల్ 192, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 210. రెండోదాంట్లో మొత్తం 206, హెచ్‌డీఎల్ 64, ట్రైగ్లిజరైడ్లు 80. మొత్తం 200 లోపు ఉండాలన్న మాట పట్టుకుంటే మొదటి మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు, రెండో మనిషి దిగులు పడతాడు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూస్తే లెక్క తిరగబడుతుంది. మొదటి మనిషికి మిగిలేది 158, రెండో మనిషికి 142. ధమనిలో దూరగల మూటలన్నిటి కొలెస్ట్రాలూ ఈ మిగులులోనే ఉంటుంది. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. కొత్త పరీక్ష అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, పరగడుపున ఉండనక్కర్లేదు, చేతి లెక్కతో తేలుతుంది. రిపోర్టు చేతికొచ్చిన ప్రతి ఒక్కరూ ముందు చేయవలసిన తీసివేత ఇదే. ఎల్‌డీఎల్‌కు పెట్టుకున్న లక్ష్యానికి 30 కలిపితే నాన్-హెచ్‌డీఎల్ లక్ష్యం వస్తుంది.

మన దేశంలో ఈ తీసివేతకు ప్రత్యేకమైన విలువ ఉంది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే మొదటి దశ ఫలితాలు 2014లో వచ్చాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో పరీక్షించినవాళ్ళలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు దాదాపు 14 శాతమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు 29 శాతానికి పైనే. హెచ్‌డీఎల్ తక్కువున్నవారు ఏకంగా 72 శాతం. పాశ్చాత్యుల ఒంట్లో ఎల్‌డీఎల్ ఎక్కువై కనబడే ముప్పు మనవాళ్ళలో తరచూ ఈ జంట రూపంలో దాక్కుంటుంది. మొత్తం అంకె ఒక్కటే చూస్తే అది కంటపడదు. అలాగని హెచ్‌డీఎల్‌ను మందుతో పెంచితే ముప్పు తగ్గుతుందనుకుంటే పొరపాటు. హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు పరీక్షను, మరణాలు పెరగడంతో 2006 డిసెంబరులో ఆపేశారు. తక్కువ హెచ్‌డీఎల్ పొట్ట కొవ్వుకు, కదలిక లేని జీవితానికి, పొగకు, షుగరుకు గుర్తుగా నిలుస్తుంది. సరిచేయవలసింది వాటినే.

తిండి మాట వచ్చేసరికి ఆదోని ప్రాంతంలో నూనె ప్రస్తావన రాక మానదు. ఇక్కడి నేల బుడ్డలకూ (వేరుశనగకూ) పత్తికీ పేరుపడ్డది. బుడ్డల నూనె, పత్తిగింజల నూనె రెండూ ఈ నేల పంటలే. ప్యాకెట్ల మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలుంటాయి. అది నిజమే గానీ దానివల్ల తెలిసేదేమీ లేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా ఉండదు. రక్తంలో ఎల్‌డీఎల్‌ను పెంచేది సంతృప్త కొవ్వు. కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే శక్తిని అది తగ్గిస్తుంది. బుడ్డల నూనెలో అది అయిదో వంతుకు మించదు, పత్తిగింజల నూనెలో పావు వంతు, పామాయిల్‌లో దాదాపు సగం. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది, ఎల్‌డీఎల్‌ను పెంచడంతో పాటు హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించరాదన్న నిబంధన మన దేశంలో 2022 నుంచి అమల్లో ఉంది. పొద్దున్నే ఉగ్గాణితో పాటు వచ్చే బజ్జీల విషయంలో అడగవలసిన ప్రశ్న ఏ నూనెలో వేయించారు, ఆ మూకుడు నూనె ఎన్నోసారి కాగుతోంది అన్నది.

ట్రైగ్లిజరైడ్ల కథ వేరు. అవి నూనె కంటే పిండిపదార్థంతో, చక్కెరతో, సారాయితో పెరుగుతాయి. పశ్చిమ కర్నూలు వానాధార నేలల మీద తరతరాలుగా జొన్న రొట్టె, కొర్ర బువ్వ, రాగి సంగటి తిన్నారు. తర్వాత వరి బియ్యం ఇంటింటికీ చేరింది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చిన పథకం, దాని మేలు తక్కువచేసి చెప్పడానికి వీల్లేదు. అయితే పొలంలో ఒళ్ళు వంచినవాళ్ళకు మూడు పూటలా అన్నం వేరు, దుకాణంలోనో కుట్టుమిషను ముందో కూర్చునేవాళ్ళకు అదే అన్నం వేరు. ఖర్చుకాని పిండిని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి పంపుతుంది.

పరీక్షకు ముందు పన్నెండు గంటలు పస్తుండాలన్న నియమం ఇప్పుడు సడలింది. మామూలు భోజనం చేసి ఇచ్చిన రక్తంలోనూ మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా పరగడుపు అక్కర్లేని పరీక్షనే సూచించాయి. కౌతాళం నుంచో కోసిగి నుంచో మొదటి బస్సెక్కి వచ్చి, షుగరు మాత్ర వేసుకోకుండా, టీ తాగకుండా మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చునే పెద్దవాళ్ళకు ఇది నిజమైన ఊరట. ట్రైగ్లిజరైడ్లు 400 దాటి కనిపిస్తే మాత్రం ఇంకోరోజు పరగడుపున మళ్ళీ చూస్తారు. జాతరలో భక్షాలు, మాంసం, మందు అయిన మర్నాడు చేయించిన పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు.

ఒకే మనిషికి రెండు వారాల తేడాతో చేసినా అంకె కదులుతుంది. మొత్తం కొలెస్ట్రాల్‌లో అయిదారు శాతం, ట్రైగ్లిజరైడ్లలో ఇరవై శాతం దాకా తేడా ఒంటి సహజ గుణమే. అంటే 192 నిన్నటిది, 203 ఇవాళ్టిది అయితే జబ్బు ముదిరినట్టు కాదు. జ్వరం, పెద్ద ఆపరేషను, గుండెపోటు తర్వాత ఎల్‌డీఎల్ కొన్ని వారాలు తక్కువగా కనిపిస్తుంది. గర్భం, థైరాయిడ్ మందగించడం, కొన్ని మూత్రపిండాల జబ్బులు దాన్ని పెంచుతాయి. అందుకే జీవితాంతం మాత్ర మింగే నిర్ణయానికి ఒక్క కాగితం చాలదు, ఇంకొకటి కావాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే రిపోర్టుల్లో 5.2 వంటి అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. అక్కడ మిల్లీమోల్స్‌లో రాస్తారు, 38.67తో గుణిస్తే మన లెక్కకు వస్తుంది, అంటే 201.

ఇప్పుడు అసలైన సంగతి. అంకె ఎంత సరిగ్గా కొలిచినా, దాన్ని మనిషి నుంచి విడదీసి చదివితే ముప్పు తెలియదు. ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే యాభై రెండేళ్ళ హమాలీని అనుకుందాం. కొలెస్ట్రాల్ 185. రోజుకో కట్ట బీడీలు. పై రక్తపోటు 158, మందు లేదు. యెమ్మిగనూరులో బడిపాఠాలు చెప్పే నలభై నాలుగేళ్ళ ఒకామెకు కొలెస్ట్రాల్ 235, రక్తపోటు 118, షుగరు లేదు, పొగాకు ముట్టదు. కొలెస్ట్రాల్ ఒక్కటే చూస్తే వైద్యం ఆమెకు. పదేళ్ళలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం చూస్తే అతనిది ఆమె కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ అవకాశాన్ని శాతంగా చెప్పడానికే రిస్క్ చార్టులు పుట్టాయి.

ఫ్రేమింగ్‌హామ్ లెక్క తెల్లజాతి అమెరికన్ల నుంచి వచ్చింది. మన ప్రజలకు అది సూటిగా సరిపోదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు నడిమి వయసు 53గా తేలింది, మిగతా దేశాలవారికంటే అయిదారేళ్ళు ముందు. 2018 నాటి అమెరికా మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశంగానే రాసుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రాంతాలవారీగా కొత్త చార్టులు వేసింది, దక్షిణాసియాకు విడిగా ఒకటి ఉంది. వయసు, ఆడా మగా, పొగ తాగుతారా, షుగరుందా, పై రక్తపోటు, మొత్తం కొలెస్ట్రాల్ చూసి గడి వెతికితే రంగు దొరుకుతుంది. అయిదు శాతం లోపు పచ్చ, పదిలోపు పసుపు, ఇరవై లోపు నారింజ, ఆపైన ఎరుపు. నలభై నుంచి డెబ్భై నాలుగేళ్ళ వయసు వారికే ఇది. చార్టు పొగ గురించి మాత్రమే అడుగుతుంది. గుట్కా, నమిలే పొగాకు మాట ఎత్తదు. అవి కూడా గుండెపోటు ముప్పు పెంచుతాయని ఇంటర్‌హార్టే చూపింది కనుక, ఈ ప్రాంతంలో చార్టు చదివేవాళ్ళు ఆ ప్రశ్న తామే అడగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థే ఇంకో చార్టు కూడా ఇచ్చింది. అందులో రక్తపరీక్ష ఉండదు, కొలెస్ట్రాల్ స్థానంలో ఎత్తు బరువుల లెక్క ఉంటుంది. ల్యాబు లేని పల్లెకు ఇది పనికొచ్చే సాధనం. తెలుగునాట దీనికి ముందే బాట పడింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ తరఫున ఆరోగ్య కార్యకర్తలు మరణం జరిగిన ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంటివాళ్ళను అడిగి కారణాలు రాశారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు 32 శాతమని తేలింది. పల్లెల్లో చావులకు అంటురోగాలే కారణమన్న నమ్మకాన్ని ఆ లెక్క చెరిపేసింది. తర్వాత పశ్చిమ గోదావరిలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లిచ్చి, ఇంటి దగ్గరే రక్తపోటు చూసి ముప్పు శాతం లెక్కగట్టించారు. ఆశాలు ఆ పని బాగా చేయగలిగారు. అయినా రక్తపోటు అదుపులో, ఆ పద్ధతి లేని గ్రామాలతో పోలిస్తే గణనీయమైన తేడా రాలేదు. ముప్పు తెలిసినంత మాత్రాన సరిపోలేదు, ఆ తర్వాత మందు నెలనెలా అందాలి, మనిషి మానకుండా మింగాలి.

ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. ఛాతీ నొప్పితో బయలుదేరిన మనిషికి ఆ దారిలో పోయే ప్రతి నిమిషం గుండె కండరం ఖరీదు. పెద్దాసుపత్రి దూరమైన చోట ముందస్తు లెక్కకు ఎక్కువ విలువ ఉండడానికి కారణం ఇదే.

చార్టు అక్కర్లేనివాళ్ళూ ఉన్నారు. ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు పడ్డవాళ్ళు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్ళు ముప్పు ఎక్కువున్నట్టే లెక్క. ఎల్‌డీఎల్ అంత ఎక్కువున్న ఇళ్ళలో అది వంశపారంపర్యం కావచ్చు. మడమ వెనుక స్నాయువు లావెక్కడం, కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు, చిన్నవయసులోనే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం దాని ఆనవాళ్ళు. తండ్రికి నలభైలో గుండెపోటు వస్తే పిల్లల రక్తం కూడా చూడాలి.

చార్టు ఎటూ తేల్చని మధ్యస్థులకు మరికొన్ని కొలతలున్నాయి. ప్రతి చెడ్డ మూట మీదా అపోబీ అనే మాంసకృత్తు ఒకటే ఉంటుంది. దాన్ని కొలిస్తే లారీలెన్నో లెక్క తెలుస్తుంది, సరుకు బరువు కాదు. గోడలో దూరేది లారీ కనుక ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారిలో ఈ లెక్కే నమ్మదగినది. లైపోప్రొటీన్-ఏ పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. భారతీయుల్లో సుమారు నలుగురిలో ఒకరికి అది 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుందని అంచనా. ఈ రెండూ పెద్ద ల్యాబులకు పోయే పరీక్షలు, ఖర్చు ఎక్కువ. తీసివేతతో వచ్చే నాన్-హెచ్‌డీఎల్ చాలామందికి అపోబీ పనిని చాలావరకు చేసిపెడుతుంది.

2024 భారత మార్గదర్శకాల ప్రకారం మామూలు మనుషులకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగరు, రక్తపోటు వంటివి ఉండి ముప్పు ఎక్కువైన వారికి 70 లోపు, గుండెపోటు వచ్చినవారికి 55 లోపు. మొదటి పరీక్ష 18 ఏళ్ళకే చేయించమని ఆ పత్రం చెబుతుంది, ఇంట్లో చిన్నవయసు గుండెజబ్బు ఉంటే ఇంకా ముందే. స్టాటిన్ మొదలుపెట్టాక నాలుగు నుంచి పన్నెండు వారాల్లో మళ్ళీ రక్తం చూసి మోతాదు సరిచేస్తారు. ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు అయిదో వంతు తగ్గుతాయని పెద్ద పరీక్షలన్నీ కలిపి చూసిన లెక్క చెబుతుంది. రెండో రిపోర్టులో అంకె దిగిందంటే మాత్ర పనిచేసిందని అర్థం. దిగింది కదా అని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే అది పాత చోటికి చేరుతుంది.